30 ఏళ్లుగా చుక్క కారలేదంటున్నారు... అయినా పైపులు చూపించమని అడగాలా?

పేరు, వివరాలు బయటపెట్టవద్దని కోరుతూ ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం సారాంశం ఇది. ఆమె, ఆమె భర్త ఇద్దరూ ఉద్యోగులే. ఇద్దరు చిన్నపిల్లలు. ఏళ్ల తరబడి అద్దె ఇళ్లు మారి, చివరికి ఒక పాత ఇల్లు కొనాలని నిర్ణయించుకున్నారు. రెండంతస్తుల ఇల్లు, కట్టి 30 ఏళ్లు దాటింది. అమ్ముతున్నది ఆమె భర్తకు ఉద్యోగంలో పని నేర్పిన పెద్దాయన. ఆయన, ఆయన భార్య రెండేళ్ల కిందట కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. అప్పటినుంచి ఇంటికి తాళమే. బయానా ఇచ్చారు కానీ ఒప్పంద పత్రం ఇంకా రాసుకోలేదు. మూడు వారాల్లో రిజిస్ట్రేషన్ అనుకుంటున్నారు.

తెలిసిన ఇంజనీరు ఒకరు ఇల్లు చూసి గోడలు, పునాది, స్లాబు బాగున్నాయని రాసిచ్చారు. నీళ్ల గురించి ఆ నివేదికలో ఉన్నది ఒకే ఒక్క మాట: ‘కుళాయిలు పనిచేస్తున్నాయి’. రెండోసారి ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు ఈమెకు మూడు విషయాలు కనిపించాయి. కింది స్నానాలగదిలో కుళాయి తిప్పితే కాసేపు గోధుమరంగు నీళ్లు వచ్చాయి. పై అంతస్తులో ఫ్లష్ చేస్తే కింద నేల జాలీలోంచి గుడగుడమని చప్పుడు వచ్చింది. ఇల్లంతా పాత రంగే ఉన్నా మెట్ల కింద గోడకు మాత్రం కొత్త రంగు వేసి ఉంది. పైపులన్నీ ఒకసారి పూర్తిగా తనిఖీ చేయిద్దామని ఆమె అంటే భర్త ఒప్పుకోలేదు. ‘30 ఏళ్లుగా చుక్క కారలేదని ఆయనే చెప్పారు. ఇంకా చూపించమంటే ఆయనను నమ్మనట్టే. పైగా ఇంకొకరు కొనడానికి సిద్ధంగా ఉన్నారు. ఏదైనా వస్తే తర్వాత బాగు చేయించుకుందాం’ అన్నారు. ‘నీకు ప్రతిదానిలోనూ అనుమానమే’ అని అత్తగారు ఒక మాట కలిపారు. ‘నాది అతి జాగ్రత్తా? తనిఖీ లేకుండా కొంటే నిజంగా అంత ప్రమాదమా? తనిఖీ చేయించాలని పట్టుబడితే ఇల్లూ పోయి, మంచి మనిషీ దూరమవుతారా?’ అని ఆమె అడుగుతున్నారు.

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నదే. మీది అతి జాగ్రత్త కాదు. మీరు చూసిన మూడూ ప్రమాదానికి రుజువులు కావు, అలాగని కొట్టిపారేసేవీ కావు. అత్తగారి మాటకు ఇప్పుడు సమాధానం చెప్పాల్సిన పని లేదు, దాన్ని పక్కన పెడదాం.

మీ ఇంట్లో ఈ గొడవ ఇంత బిగుసుకోవడానికి కారణం రెండు వేర్వేరు ప్రశ్నలు ఒకటిగా కలిసిపోవడం. పెద్దాయన నిజం చెబుతున్నారా అన్నది ఒకటి. పైపులు ఎలా ఉన్నాయన్నది రెండోది. మీరు రెండోది అడుగుతుంటే మీవారికి మొదటిది వినిపిస్తోంది. ఆయన అక్షరాలా నిజమే చెబుతూ ఉండవచ్చు. ఆయన కంటికి చుక్క కారి ఉండదు. కానీ ఇంట్లో నీళ్లు నడిచే దారి చాలావరకు గోడల్లో, నేల కింద ఉంటుంది. అక్కడ జరిగేది యజమానికి కూడా తెలియదు. పైగా ఒకే ఇంట్లో చాలాకాలం ఉన్నవాళ్లు దాని లోపాలకు అలవాటుపడిపోతారు. పొద్దున్నే మొదటి నీళ్లు వదిలేయడం, పైన స్నానం చేస్తుంటే కింద కుళాయి తిప్పకపోవడం వాళ్లకు ఇబ్బందులుగా తోచవు, దినచర్యలో భాగమైపోతాయి. ఇంకో సంగతి, ఆ ఇంట్లో చివర్లో ఉన్నది ఇద్దరు వృద్ధులు. మీరు నలుగురు. పొద్దున ఒకే గంటలో స్నానాలు, బట్టల యంత్రం, వంటగది అన్నీ నడుస్తాయి. ఆ ఇద్దరి వాడకానికి సరిపోయిన మురుగు పైపు మీ వాడకానికి సరిపోతుందని చెప్పలేం.

అన్నిటికంటే ముఖ్యం, ఆ ఇల్లు రెండేళ్లుగా మూతపడి ఉంది. వాడకం లేని ఇంట్లో ప్లంబింగ్ నిద్రపోయి లేచినట్టు మళ్లీ మామూలుగా మొదలవదు. కుళాయిల్లో, వాల్వుల్లో ఉండే రబ్బరు వాషర్లు ఎండి బిరుసెక్కుతాయి. ట్రాపుల్లో, అంటే సింకుల కింద, నేల జాలీల కింద ఉండే వంపు గొట్టాల్లో, నిలవ ఉండాల్సిన నీళ్లు ఆవిరైపోతాయి. సగం నీళ్లు, సగం గాలి ఉన్న ఇనుప పైపు నిండుగా ఉన్న పైపుకంటే త్వరగా తుప్పు పడుతుంది. కాబట్టి పెద్దాయనకు తెలిసిన ఇల్లు రెండేళ్ల కిందటిది.

ఇక మీరు చూసిన గుర్తులు. గోధుమరంగు నీళ్లకు రెండు కారణాలు ఉండవచ్చు. ట్యాంకులో చేరిన మడ్డి, పైపుల్లో నిలిచిపోయిన నీళ్లు అయితే పది నిమిషాలు వదిలితే పోతుంది, మళ్లీ రాదు. పైపే తుప్పు పడితే నీళ్లు కాసేపటికి తేరుకుంటాయి కానీ మర్నాడు పొద్దున మళ్లీ అదే రంగు వస్తుంది. 30 ఏళ్ల కిందటి ఇళ్లలో చాలావాటికి జీఐ (గాల్వనైజ్డ్ ఐరన్) పైపులే వేశారు. ఈ ఇనుప పైపుకు లోపలా బయటా జింకు పూత ఉంటుంది. ఆ పూత ఉన్నంతకాలమే దాని ప్రాణం. సాధారణంగా 40 నుంచి 50 ఏళ్లు వస్తాయంటారు, నీళ్ల గుణం బాగాలేకపోతే ఇంకా ముందే పోతాయి. పూత పోయాక తుప్పు లోపలివైపు పొరలుగా పేరుకుని పైపు దారిని ఇరుకు చేస్తుంది. ఒక కుళాయి తిప్పితే ధార బాగానే ఉండి, మూడు తిప్పగానే సన్నబడిందంటే అదే సంగతి అయ్యే అవకాశం ఎక్కువ. వేడినీళ్ల వైపు మాత్రమే రంగు వస్తే గీజర్ ట్యాంకును అనుమానించాలి.

జీఐ పైపుల్లో అసలు చిక్కు ఒకచోట బాగు చేయబోతే పక్కది కదలడం. మరలు తిప్పి బిగించిన కీళ్లు తుప్పుతోనే పట్టుకుని ఉంటాయి. ఒక ముక్క మార్చడానికి విప్పితే దాని పక్క కీలు కారడం మొదలవుతుంది. అందుకే అనుభవమున్న ప్లంబర్ ఇలాంటి చోట ‘ఒక్క ముక్క మారుస్తాను’ అనడానికి వెనకాడతాడు, మొత్తం లైను మార్చమంటాడు. డబ్బుకోసం అంటున్నాడని మనం అనుకుంటాం.

గుడగుడ చప్పుడు నన్ను రంగు నీళ్లకంటే ఎక్కువ ఆలోచింపజేసింది. ప్రతి సింకు కింద, ప్రతి నేల జాలీ కింద వంపు తిరిగిన ట్రాపు ఉంటుంది. అందులో సుమారు 50 మిల్లీమీటర్ల లోతున నీళ్లు నిలిచి, మురుగు వాయువులు ఇంట్లోకి రాకుండా అడ్డుకుంటాయి. పైనుంచి ఫ్లష్ నీళ్లు దూకినప్పుడు వాటి వెనక గాలి కావాలి. ఆ గాలి ఇంటి పైకప్పుమీదికి వెళ్లే వెంట్ పైపు నుంచి రావాలి. అక్కడినుంచి రాకపోతే కింది ట్రాపులోంచి గాలిని లాగుతుంది. మీరు విన్న చప్పుడు అదే అయి ఉంటుంది. అలా లాగీ లాగీ ట్రాపులో నీళ్లు పోతే ఇంట్లో మురుగు వాసన మొదలవుతుంది.

గాలి ఎందుకు రావడం లేదు? వెంట్ పైపు మూతికి పక్షి గూడు కట్టి ఉండవచ్చు, ఒక పూట పని. లేదా నేల కింద మురుగు పైపు సగం పూడిపోయి నీళ్లు వెనక్కి తన్నుతూ ఉండవచ్చు. మట్టి పైపుల కీళ్లలోంచి చెట్ల వేళ్లు చొరబడతాయి. కాస్టు ఐరన్ పైపు అడుగుభాగం తినేసుకుపోతుంది. నేల కుంగితే పైపు మధ్యలో జారుడు పోయి కడుపులా దిగబడుతుంది. 100 మిల్లీమీటర్ల మురుగు పైపు మామూలుగా 40 నుంచి 80 అడుగులకు ఒక అడుగు వాలు ఉండాలి. ఆ వాలు పోయినచోట మడ్డి పేరుకుంటుంది. ఇవి నేల తవ్వాల్సిన పనులు. పక్షి గూడుకూ కుంగిన పైపుకూ పైన వినిపించే చప్పుడు ఒకటే! కెమెరా లోపలికి పంపితే తప్ప ఏదో చెప్పలేం. మీవారికి చెప్పాల్సిన మొదటి మాట ఇదే: మనం అడుగుతున్నది ఆయన మాట నిజమా కాదా అని కాదు, ఈ రెండింటిలో ఏది అని.

కొత్త రంగు విషయంలో ఊహలు వద్దు. అమ్మకానికి పెట్టేటప్పుడు మరక కనిపించకూడదని రంగు వేయించడం చాలామంది చేసేదే, అందులో ప్రతిసారీ మోసం ఉండదు. ఆ గోడకు రంగు ఎప్పుడు, ఎందుకు వేయించారని ఆయననే అడగండి. ఆ గోడకు పైనున్నది స్నానాలగదా, కాదా చూడండి. చెమ్మ కొలిచే చిన్న మీటరు పెడితే రంగు వెనక సంగతి కొంత తెలుస్తుంది.

ఇప్పుడు ఆ ఇంజనీరు రాసిన ఒక్క వాక్యం సంగతి. తిప్పితే నీళ్లు వచ్చాయనే దాని అర్థం. ఇంటిని మొత్తంగా చూసేవాళ్లు కంటికి కనిపించేది చూస్తారు, గోడలు పగలగొట్టరు, మురుగు పైపులోకి తొంగిచూడరు. అది వాళ్ల తప్పూ కాదు. పూర్తి ప్లంబింగ్ తనిఖీ వేరే పని. నీళ్ల లైనును మూసి ఒత్తిడి పెట్టి, అది పడిపోతోందా అని చూస్తారు. మురుగు పైపులో కెమెరాను ఇంటి హద్దు దాటి బయటి కనెక్షన్ వరకు, లేదా సెప్టిక్ ట్యాంకు వరకు పంపుతారు. స్నానాలగది నేలమీద జాలీ మూసి నీళ్లు నిలబెట్టి 24 గంటల తర్వాత కింది స్లాబు చూస్తారు. గీజర్ వయసు, దాని సేఫ్టీ వాల్వు, ప్రతి గదికీ ఉన్న మూత వాల్వులు తిరుగుతున్నాయా లేదా కూడా చూడాలి. ఇన్ని చేసినా అది హామీ పత్రం కాదు. గోడలో ఉన్న పైపు ఇంకా ఎంత మందం మిగిలిందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. కానీ పెద్ద ఖర్చులు దాక్కునే చోట్లన్నీ దాదాపు బయటపడతాయి. ఒక చిన్న జాగ్రత్త: తనిఖీ చేసే మనిషికి మరమ్మతు పని ఇవ్వబోమని ముందే చెప్పండి. అప్పుడు లేని లోపం రాయాల్సిన అవసరం అతనికి ఉండదు.

‘తర్వాత బాగు చేయించుకుందాం’ అన్న మీవారి మాటకు వద్దాం. ఇందులో ఒక లెక్క తప్పింది. ప్లంబింగ్‌లో పైపు ఖరీదు చిన్నది, పైపును చేరుకోవడం పెద్దది. టైల్స్ పగలాలి, నేల తవ్వాలి, మళ్లీ వాటర్ ప్రూఫింగ్ చేసి, ఆరేదాకా ఆగి, టైల్స్ పరచాలి. ఆ రోజుల్లో పిల్లలతో ఎక్కడ ఉంటారు? అప్పటికి ఇంటి అప్పు వాయిదాలు కూడా మొదలై ఉంటాయి. నీళ్లు కూడా మనం డబ్బు కూడబెట్టేదాకా ఆగవు. సెకనుకు ఒక చుక్క కారితే రోజుకు 86,400 చుక్కలు, సుమారు 20 లీటర్లు. ఆ నీరు గోడలోనే ఇంకుతుంటే ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొదలవగలదు. స్లాబులోకి దిగితే లోపలి ఇనుప చువ్వలు తుప్పుపట్టి ఉబ్బి, కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. అప్పుడది ప్లంబర్ చేతుల్లో ఉండదు. ఇంటి బీమా ఉంటుంది కదా అనుకుంటే, చాలా పాలసీలు హఠాత్తుగా పైపు పగిలితే ఇస్తాయి కానీ నెలల తరబడి కారిన దానికి, కొనకముందే ఉన్న లోపానికి ఇవ్వవు. మీ పాలసీలో ఆ షరతు ఎలా ఉందో చదవండి.

ఇంతకీ మీ ముందున్న దారులేమిటి?

ఒప్పంద పత్రం ఇంకా రాయలేదన్నారు, అది మీకు మంచిదే. పూర్తి తనిఖీ చేయిస్తామని, పెద్ద లోపం తేలితే ధర మళ్లీ మాట్లాడుకోవచ్చని, లేదా బయానా వాపసు తీసుకుని విరమించుకోవచ్చని అందులో రాయించుకోవడం మొదటి దారి. దీనివల్ల ఒక వారం ఆలస్యం కావచ్చు, పెద్దాయన కొంచెం నొచ్చుకోవచ్చు. ఆ ఇంకొక కొనుగోలుదారు నిజంగా ఉంటే ముందుకు రావచ్చు కూడా. అయితే ఆయనకూ ఆ గుడగుడ వినిపిస్తుందని మరచిపోకండి. ఇచ్చిన బయానాకు ఏ షరతులు వర్తిస్తాయో ముందుగా ఒక న్యాయవాదికి చూపించండి.

అంత సమయం లేదంటే కనీసం మురుగు పైపులోకి కెమెరా ఒక్కటైనా పంపించండి. కొన్ని గంటల పని, ఎక్కడా పగలగొట్టనక్కర లేదు. మీ ఇంటి విషయంలో ఎక్కువ ఖర్చు పొంచి ఉన్నది అక్కడే అనిపిస్తోంది. నీళ్ల లైను సంగతి కొంతవరకు మీరే చూసుకోవచ్చు, అదెలాగో కింద రాశాను. ఇది సగం దారి. గోడల్లో లీకేజీ ఉంటే ఇందులో తేలదు.

మూడోది, తనిఖీ లేకుండానే కొని, ధరలో కొంత భాగాన్ని కొన్ని నెలలపాటు మధ్యవర్తి దగ్గర ఉంచడం. అపరిచితుల మధ్య ఇది బాగా నడుస్తుంది. మీకు మాత్రం నేను చెప్పను. నాలుగు నెలల తర్వాత గోడ చెమ్మగిల్లితే అది పాత లోపమా, మీ వాడకం వల్ల వచ్చిందా అని ఆ పెద్దాయనతో వాదించాల్సి వస్తుంది. తనిఖీ అడగడానికే మొహమాటపడే మీవారు ఆ వాదన చేస్తారా?

నాలుగోది, కళ్లు తెరిచే కొనడం. ఎలాగూ స్నానాలగదులు పగలగొట్టి కొత్తగా కట్టుకోవాలనుకుంటుంటే, పైపులన్నీ మార్చే ఖర్చును ముందే లెక్కలో వేసుకుని, ఆ మేరకు ధర తగ్గిందో లేదో చూసుకుని కొనవచ్చు. ఇది తెలివితక్కువ పని కాదు. కానీ ఆ డబ్బు చేతిలో ఉండాలి. ఉన్నదంతా ఇంటి ధరకే పోతుంటే ఈ దారి మీది కాదు.

‘లోపాలుంటే నేనే బాగుచేయించి ఇస్తాను’ అని పెద్దాయన అనవచ్చు. మర్యాదగా కాదని, ఆ మొత్తాన్ని ధరలో తగ్గించమని అడగడం మేలు. వెళ్లిపోయే మనిషి చేయించే మరమ్మతు త్వరగా ముగించేదిగా ఉంటుంది, మన్నికగా చేయించుకోవాలనే పట్టు ఉండేది అందులో ఉండబోయేవారికే. ఒకవేళ ఒప్పుకుంటే గోడ మూయకముందు ఫొటోలు తీసి ఇవ్వమనండి.

ఇక మీవారు. ఆయన భయపడుతున్నది పైపులకు కాదు, గురువుగా చూసుకునే మనిషి ముందు చిన్నబోవడానికి. ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోకండి. గోధుమరంగు నీళ్ల వీడియో చూపించి గెలవాలని చూస్తే ఆయన ఇంకా బిగుసుకుంటారు. ఒక్క ప్రశ్న అడగండి: కొన్న ఆరు నెలలకు నేల కింద పైపు పగిలిందని తేలితే పెద్దాయనకు ఫోను చేస్తారా, చేయరా? చేస్తే, ఇన్నాళ్ల అనుబంధం ఒక ఫిర్యాదుతో చేదెక్కుతుంది. చేయకపోతే ఆ ఖర్చు, ఆ కోపం మీ ఇంట్లోనే ఉంటాయి. ‘నేను ముందే చెప్పాను’ అన్న మాట మీ నోటివరకూ వచ్చి ఆగుతుంటుంది, ఏదో ఒకరోజు ఆగదు. ఆ పెద్దాయనతో సంబంధం చెడకుండా ఉండాలంటే ఆయనను ఇప్పుడు అడగడమే సురక్షితం. ఇప్పుడైతే అది కొనేవారెవరైనా అడిగే మాట. రిజిస్ట్రేషన్ తర్వాత అదే మాట నిందగా మారుతుంది.

అడగాల్సింది మీవారే, మీరు కాదు. అనుబంధం ఆయనది. ‘మీ ఇల్లు పాతది కాబట్టి ఏం మార్చుకోవాలో ముందే తెలుసుకోవాలనుకుంటున్నాం. ఖర్చు మాదే. ఎక్కడైనా టైల్ పగిలితే మేమే వేయిస్తాం. వీలుంటే మీరూ రండి, నివేదిక మీకూ ఇస్తాం’ అంటే చాలు. ఆయన పక్కనే ఉండి చూస్తే మంచిది, ఏ పైపు ఎటు వెళ్లిందో ఆయనకంటే తెలిసినవారు లేరు. చాలామంది అమ్మకందారులు దీనికి ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే? అది మోసానికి రుజువు కాదు, అభిమానం దెబ్బతిని కూడా వద్దనవచ్చు. కానీ అప్పుడు తెలియనిదంతా మీ నెత్తినే పడుతుంది కాబట్టి, ధర ఆ మేరకు తగ్గకపోతే వెనక్కి తగ్గడం గురించి మీరిద్దరూ నిజాయితీగా మాట్లాడుకోవాలి. ఇల్లు పోతే బాధే. అలాగని ఈ ఒక్క ఇల్లే ఉందని లేదు.

ఈలోగా ఇద్దరూ కలిసి ఒక పొద్దున వెళ్లండి. మీవారు తన చెవులతో ఆ చప్పుడు వినడం మీరు చెప్పడం కంటే నయం. ముందు ప్రతి నేల జాలీలో ఒక చెంబెడు నీళ్లు పోయండి, ఎండిన ట్రాపులు నిండుతాయి. వాసన ఏమైనా వస్తుంటే, దానికి కారణం అదొక్కటే అయితే అక్కడితో తగ్గుతుంది. పైన ట్యాంకు ఉంటే దానికి నీళ్లు వచ్చే దారి మూసి, లోపల మట్టానికి గుర్తు పెట్టి, కుళాయిలన్నీ కట్టేసి మర్నాడు చూడండి. మట్టం స్పష్టంగా తగ్గితే ఎక్కడో పోతున్నట్టే. వీధి నీళ్లు నేరుగా ఇంట్లోకి వస్తుంటే మీటరు అంకె రాసుకుని రెండు గంటలు ఆగితే అదే తెలుస్తుంది. ఫ్లష్ ట్యాంకులో ముదురు రంగు కలిపి అరగంట వదిలేస్తే, నొక్కకుండానే కమోడ్‌లోకి రంగు దిగిందో లేదో కనిపిస్తుంది. బయట మురుగు చాంబర్ మూత ఎత్తి ఒకరు నిలబడండి, ఇంకొకరు పైన రెండు మూడు ఫ్లష్‌లు వెంటవెంటనే చేయండి. నీళ్లు గబగబా వచ్చి పోవాలి. నెమ్మదిగా పొంగి, ఆలోచించి కదులుతుంటే ముందు అడ్డు ఉన్నట్టే. పాత గేట్ వాల్వు బిగుసుకుపోతే మాత్రం బలవంతంగా తిప్పకండి. అది చేతికి ఊడివస్తే ఆ రోజు తనిఖీ సంగతి అటుంచి పెద్దాయనకు ముఖం చూపించలేరు.

ప్లంబర్ వచ్చే రోజుకు కనీసం రెండు రోజుల ముందే మోటారు వేయించి, ట్యాంకు నింపి, అన్ని కుళాయిలూ ఫ్లష్‌లూ రోజూ కాసేపు వాడేలా చూడండి. ఎండిన వాషర్లు, కీళ్లు కారాలంటే నీళ్ల ఒత్తిడి తగలాలి, పొడిగా ఉన్న ఇంటిని తనిఖీ చేస్తే అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. కెమెరా రికార్డింగు కాపీ అడిగి తీసుకోండి. లోపం ఎన్ని మీటర్ల దూరంలో ఉందో అందులో పడుతుంది, ధర గురించి మాట్లాడేటప్పుడు ఆ అంకె మీకు పనికొస్తుంది.